మంచి కేసు

మోహన ఎడమ రొమ్ము కింద స్టెతస్కోప్ పెట్టి డాక్టర్ గిరిప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు. సోమవారం ఉదయం రౌండ్స్. ఆడవాళ్ళ మెడికల్ వార్డులో పక్క మంచాల దగ్గర గిన్నెల చప్పుడు, ఎవరిదో దగ్గు. ఆయన చెయ్యి పైకెత్తాడు. వెనక నిలబడ్డ పీజీ డాక్టర్లు మాటలాపేశారు. ఆయన చాలాసేపు విని, స్టెతస్కోప్ మెడలో వేసుకుని, నందిని వైపు తిరిగాడు.

"ఇంత స్పష్టమైన మర్మర్ ఈ మధ్య మన యూనిట్‌కి రాలేదు. మంచి కేసు. పరీక్షకి పెట్టుకుందాం."

బుధ, గురువారాల్లో ఫైనలియర్ విద్యార్థులకి ప్రాక్టికల్స్ ఉన్నాయి. బయటి కాలేజీల నుంచి ఎగ్జామినర్లు వస్తారు. ఒక్కో విద్యార్థికి ఒక రోగిని చూపించి, జబ్బేమిటో కనుక్కోమంటారు. అందుకు రోగం లక్షణాలు చేతికి, చెవికి బాగా తెలిసే రోగులు కావాలి. పెద్ద ప్లీహం, నీరు పట్టిన ఊపిరితిత్తి, గుండెలో గట్టిగా వినిపించే చప్పుడు. అలాంటివాళ్ళని ఆ ఆసుపత్రిలో మంచి కేసులంటారు. వాళ్ళని పోగుచేసే పని ఈసారి నందిని మీద పడింది. ఆమె రెండో సంవత్సరం పీజీ. చిత్తూరులో వాళ్ళ నాన్నది ఎరువుల కొట్టు. గిరిప్రసాద్ ఆమె థీసిస్‌కి గైడు.

మోహనకి ఈ బుధవారమే కార్డియాలజీ వాళ్ళు డేట్ ఇచ్చారని నందిని గుర్తుచేసింది. గుండె లోపల ఒక వాల్వు ఇరుకైపోయింది మోహనకి. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం పంపి, బెలూన్ ఊది, ఆ వాల్వుని వెడల్పు చెయ్యాలి. అది చేస్తే ఆ చప్పుడు తగ్గిపోతుంది.

గిరిప్రసాద్ కేస్‌షీట్ తిప్పి చూశాడు. మందులతో కుదురుగానే ఉంది కదా అన్నాడు. శనివారానికి జరపమని అడుగు, రెండు మూడు రోజుల్లో ఏమీ కాదన్నాడు. నందిని ఇంకా అక్కడే నిలబడి ఉండటం చూసి గొంతు తగ్గించాడు.

"ఈ పిల్లకి రెండేళ్ళు ఉబ్బసమని మందులిచ్చినాడే ఒక డాక్టరు, వాడు చదువుకునే రోజుల్లో ఇట్లాంటి గుండె ఒక్కటి విని ఉంటే అట్లా చేసుండడు. మనం వినిపించకపోతే వీళ్ళు రేపు యాడ వింటారు?"

ఆ మాట నిజమే అనిపించింది నందినికి.

బంగారుపాళ్యం దగ్గర పల్లె మోహనది. మామిడి సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీకి పోయి కాయలు ఏరుతుంది. కాయల సొన కారి ఆమె వేళ్ళ మీద, మణికట్టు మీద చర్మం నల్లగా కాలినట్టు మచ్చలు పడి ఉంది. ఓపీలో ఆమె జబ్బు కనిపెట్టింది నందినే. నందిని థీసిస్ కూడా ఇలాంటి వాల్వు జబ్బున్న ఆడవాళ్ళ మీదే. బెలూన్‌కి ముందు, తర్వాత రక్తంలో వచ్చే మార్పులు చూస్తోంది. ఆ రోజు జనంతో కిటకిటలాడే గదిలో, ఫ్యాన్ చప్పుడులో, ఆ సన్నటి గుడగుడ వినబడినప్పుడు నందిని ఒళ్ళు ఝల్లుమంది. నీకు ఉబ్బసం కాదమ్మా అని చెబితే మోహన ఏడ్చింది. అప్పటి నుంచి నందిని వార్డులోకి వస్తే చాలు, మంచం మీద లేచి కూర్చునేది.

కార్డియాలజీలో ఉన్న డాక్టర్ మునిచంద్ర నందినికి కాలేజీ రోజుల నుంచి తెలుసు. ఆమె అడిగింది విని పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు చూశాడు.

"అందరూ ముందుకు జరపమని వస్తారు నందినీ. వెనక్కి జరపమని నువ్వొక్కదానివే వచ్చినావు."

గిరిప్రసాద్ సార్ చెప్పారంది. సరే, శనివారం పెడతానన్నాడు. బుధవారం ఆ చోట్లోకి కాచుకుని ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారన్నాడు. ఆమె తలుపు దాకా వెళ్ళాక, పేషెంటుకి చెప్పినావా అని అడిగాడు. చెప్తానంది.

మెట్లు దిగుతూ ఏం చెప్పాలో అనుకుంది. మా పిల్లలకి పరీక్ష ఉంది, నీ గుండె చప్పుడు వాళ్ళకి వినిపించాలి, ఒక మూడు రోజులు ఆగుతావా అని అడగాలి. అడిగితే ఆమె ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే మళ్ళీ ఈ మెట్లెక్కి మునిచంద్ర దగ్గరికి రావాలి, తర్వాత గిరిప్రసాద్ గదికి పోవాలి.

వార్డులో మోహన బాత్రూం నుంచి వస్తోంది. గోడ పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతోంది. రవిక ముందు భాగం తడిసి ఉంది. ఏడాది దాటిన కొడుకుని అత్త దగ్గర వదిలి వచ్చింది. రొమ్ములు గడ్డకట్టి సలుపుతుంటే పాలు పిండేసుకుని వస్తోంది. భర్త జయరామ్ టెంపో నడుపుతాడు. తోతాపురి కాయ దిగే రోజులు కాబట్టి రోడ్డు మీదే ఉంటాడు. ఇక్కడ తోడున్నది తండ్రి వరదయ్య. నందినిని చూడగానే ఆయన స్టూలు మీంచి లేచి, భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బుధవారం పొద్దున్నేనా మేడమ్?" అంది మోహన మంచం మీద కూర్చుని, ఊపిరి కూడదీసుకుంటూ. "మా ఇంటాయనకి ఫోన్ చేసి చెప్పల్ల."

"లేదమ్మా. అక్కడ మెషిన్ రిపేరుకి వచ్చింది. శనివారం చేస్తామంటున్నారు."

ఎక్కడా తడబడకుండా వచ్చేసింది మాట. మోహన కంటే నందినే ముందు ఆశ్చర్యపోయింది. వరదయ్య, మెషిన్లన్నాక రిపేర్లు రాకుండా ఉంటాయా, మా బోరు మోటారే ఏడాదికి రెండుసార్లు కాలిపోతాదని కూతురికి సర్దిచెప్పాడు. మోహన వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది.

"శనివారమంటే ఇంగ పిల్లోడు పాలు మరిచిపోతాడు" అంది, ఎవరితోనో కాక తనతోనే అనుకుంటున్నట్టు.

బుధవారం కొందరు విద్యార్థులు వచ్చి పరీక్ష చేస్తారని, కాస్త ఓపిక పట్టాలని నందిని చెప్పింది. మీరు చెప్పినాక అంతే మేడమ్, మీరే గదా నా జబ్బు కనిపెట్టింది అంది మోహన. నందిని ఆమె నాడి చూసి, కాళ్ళ వాపు చూసి, చూడనక్కర్లేని నాలుక కూడా చూసి, అక్కడి నుంచి కదిలింది.

మంగళవారం మధ్యాహ్నం వరదయ్య నందిని కోసం డ్యూటీ గది బయట నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. తువ్వాలు రెండు చేతుల్లో నలుపుతున్నాడు.

"మెషిన్ బాగయిందా మేడమ్?"

"ఇంకా లేదు పెద్దాయనా. మెకానిక్ మెడ్రాస్ నుంచి రావాలంట."

మెకానిక్ మాట, మెడ్రాస్ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. అబద్ధానికి కాళ్ళు చేతులు వచ్చినట్టయింది. వరదయ్య ఆమె మొహంలోకి ఒకసారి చూశాడు. అట్లనా అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, నెమ్మదిగా వార్డు వైపు నడిచాడు.

*

బుధవారం ఉదయానికి వార్డు నేల కడిగారు. మంచాల మీద కొత్త దుప్పట్లు పరిచారు. పరీక్షకి ఎంచిన రోగుల చుట్టూ ఆకుపచ్చ తెరలు కట్టారు. మిగతా రోగుల బంధువుల్ని బయటికి పంపారు. వరదయ్య కూడా వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. తెల్ల కోట్లలో విద్యార్థులు గోడ వారగా నిలబడి, పెదవులు కదుపుతూ చదివింది గుర్తుచేసుకుంటున్నారు. మోహన తెర దగ్గర ఉండి, లోపలికి వచ్చేవాళ్ళనీ వెళ్ళేవాళ్ళనీ చూసుకోవడం నందిని పని.

మొదట వచ్చిన అబ్బాయి నమస్కారమమ్మా అని మర్యాదగా మొదలుపెట్టాడు. ఊరు, పని, ఆయాసం ఎప్పటి నుంచి అని అడిగాడు. తర్వాత స్టెతస్కోప్ తీశాడు. ఈ జబ్బులో ఆ చప్పుడు బాగా వినిపించాలంటే రోగిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాలి. ఊపిరి వదిలి ఆపమనాలి. అప్పటికీ వినిపించకపోతే నాలుగుసార్లు లేచి కూర్చోమనాలి. గుండె వేగం పెరిగితే చప్పుడూ పెరుగుతుంది. పుస్తకంలో అలాగే రాసి ఉంటుంది. నందిని కూడా అలాగే నేర్చుకుంది.

"ఎడమవైపుకి తిరుగమ్మా. ఊపిరి వదులు. ఆపు."

మోహన తిరిగింది. వదిలింది. ఆపింది. ఆ అబ్బాయి మొహం వెలిగింది. వినిపించిందన్నమాట.

ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కొందరి చేతులు చల్లగా ఉన్నాయి. ఒకడు చెప్పకుండానే దుప్పటి లాగేశాడు. ఒకడికి ఎంతకీ వినబడక ఆమెని లేపి కూర్చోబెట్టి, పడుకోబెట్టి, మళ్ళీ లేపాడు. ప్రతి ఒక్కరూ స్టెతస్కోప్ పెట్టేది రొమ్ము కిందే. ఆ ఒత్తిడికి పాలు కారి ఆసుపత్రి గౌను తడిసింది. ఒక అమ్మాయి అది చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. నందిని వైపు చూసింది. నందిని ఏమీ అనలేదు. ఆ అమ్మాయి చేతి గడియారం చూసుకుని, మళ్ళీ వంగింది. మోహన మాత్రం మొహం గోడ వైపు తిప్పుకుని పడుకుంది. ఎడమవైపుకి తిరుగమ్మా అని చెప్పే పని ఇక ఎవరికీ లేకపోయింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్‌కి తలంతా నెరిసింది. తెర తీసుకుని లోపలికి వచ్చి, ఏమన్నా తిన్నావా అమ్మా అని మోహనని అడిగింది. తినింది మేడమ్ అని వెనక నుంచి గిరిప్రసాద్ జవాబు చెప్పాడు. ఆమె ఎదురుగా ఉన్న విద్యార్థిని ఇంగ్లీషులో ఒక్కొక్కటే అడిగింది. జబ్బు పేరు చెప్పాడు. చికిత్స ఏమిటంటే బెలూన్ అన్నాడు. ఎప్పుడు చెయ్యాలంటే, వీలైనంత త్వరగా అన్నాడు. మేడమ్ సంతోషంగా తలూపింది. బెలూన్ అన్న మాట చెవినపడి మోహన తల తిప్పి నందిని వైపు చూసింది. ఆ తెర మీద ఎక్కడో చిరుగుందేమోనన్నట్టు నందిని దాన్నే చూస్తూ నిలబడింది.

భోజనాల వేళ దాటింది. ఇంకొక్క విద్యార్థి మిగిలాడు. అప్పటికి మోహన పడుకోలేక రెండు చేతులు మంచానికి ఆనించి కూర్చుని ఉంది. మెడ దగ్గర నరం ఎగిరెగిరి పడుతోంది. నందినిని చూసి అరచెయ్యి కాస్త పైకెత్తింది. ఆగమన్నట్టు.

"ఇంకొక్కరేనమ్మా" అంది నందిని.

ఆ ఒక్కడూ వచ్చాడు. ఎడమవైపు తిప్పాడు. మోహన ఊపిరి వదిలింది గాని, మళ్ళీ తీసుకోలేకపోయింది. లేచి కూర్చుని దగ్గడం మొదలుపెట్టింది. దగ్గుతో నోటి నుంచి లేత గులాబీ రంగు నురగ వచ్చింది. పెదవులు నల్లబడ్డాయి. విద్యార్థి వెనక్కి అడుగులు వేసి తెరకి తగులుకున్నాడు.

ఆ తర్వాత నందిని చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. మంచం తల వైపు ఎత్తింది, కాళ్ళు కిందికి వేలాడేసింది, ఆక్సిజన్ మాస్క్ బిగించింది, నరం దొరికించుకుని ఇంజెక్షన్ ఇచ్చింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిపోయింది. గిరిప్రసాద్ పరుగున వచ్చాడు. ఆయనా తొట్రుపడలేదు. కార్డియాలజీకి తనే ఫోన్ చేశాడు. మోహన నందిని కోటు అంచు పిడికిట్లో పట్టుకుని ఉంది. స్ట్రెచర్ మీదికి ఎక్కించేటప్పుడు నర్సు ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

*

సాయంత్రానికి గండం గడిచింది. మర్నాడు ఉదయమే బెలూన్ చేస్తామన్నారు. ఈ జబ్బులో ఇలా ఎప్పుడైనా జరగొచ్చు, నువ్వు బాగా హ్యాండిల్ చేసినావని గిరిప్రసాద్ మెచ్చుకున్నాడు. ఆయన గొంతులో కూడా ఏదో తడబాటు ఉంది. ఇంకేదో చెప్పబోయి, రేపటి కేసులు చూసుకో అని వెళ్ళిపోయాడు.

కార్డియాలజీ ఐసీయూ బయట వరుసగా ఇనప కుర్చీలు. వరదయ్య కుర్చీలో కాకుండా గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. నందిని దగ్గరికి వెళ్ళింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. మెషిన్ విషయం చెప్పెయ్యాలి. ఈయన అరిచినా, పదిమందిలో తిట్టినా పడాలి. ఒక విధంగా అదే కావాలనిపిస్తోంది. ఆమె నోరు తెరిచేలోగా వరదయ్య లేచి నిలబడ్డాడు. లేచిన తీరు చూస్తే ఆమె కోసమే కాచుకుని ఉన్నట్టుంది.

"మేడమ్, మెషిను చెడిపోలేదని నాకు నిన్ననే తెలుసు."

ఎట్లా తెలిసిందని అడిగింది నందిని.

"తడ ఊరి నుంచి వచ్చినోళ్ళు కాఫీ అంగడి కాడ కనిపించినారు. వాళ్ళాయనకి నిన్న పొద్దున్నే చేసినారంట, ఆ మెషిను మీదే. నాకేమీ అర్థం కాలేదు. మిమ్మల్నే అడగదామని వచ్చినా. బాగయిందా అంటే మీరు లేదన్నారు."

ఆయన గొంతు పెంచలేదు. కోపంగానూ లేడు. తప్పు చేసిన పిల్లవాడు బడిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ఇంగ గట్టిగా అడిగితే మీకు కోపమొస్తాదేమో, పాపను సరిగ్గా చూడరేమో అనుకున్నా. చేసేదీ మీరే, పెట్టేదీ మీరే. నోరు మూసుకున్నా. ఈ పొద్దు ఆ తెర ఎనక బిడ్డ దగ్గుతా ఉంటే నేను వరండాలో కూర్చోని వింటా ఉండాను మేడమ్. అప్పుడు కూడా లేయలేదు."

నాకు కోపం వచ్చేది కాదు పెద్దాయనా అనబోయింది నందిని. అది ఈయనకి ఎలా తెలుస్తుంది? వచ్చేది కాదని తనకైనా అంత గట్టిగా తెలుసా? తప్పు మీది కాదని, అంతా నాదేనని ఎలాగో అనగలిగింది. పరీక్ష కోసం ఆపామని చెప్పింది. ఆ మాట ఆయన విన్నాడో లేదో తెలియలేదు. కారణంతో ఆయనకి పనున్నట్టు లేదు. రెండు చేతులూ జోడించాడు.

"ఒక ఉపకారం చెయ్యండి తల్లీ. నాకు తెలుసని పాపకు చెప్పొద్దండి. నాయన తెలిసి కూడా ఊరకుండినాడని అది అనుకుంటే నేను దాని మొగం చూడలేను."

తిట్టించుకుందామని వచ్చిన మనిషి ముందు ఆయన చేతులు జోడించి నిలబడ్డాడు. అటుగా పోతున్న నర్సు, ఎవరో బీద మనిషి డాక్టరమ్మని వేడుకుంటున్నాడనుకుని, రోజూ చూసేదే కాబట్టి, చూడకుండా పోయింది. నందిని ఆయన చేతులు పట్టుకుని కిందికి దించింది. చెప్పనంది.

*

గురువారం బెలూన్ బాగా జరిగింది. శుక్రవారం మోహనని తిరిగి వార్డుకి తెచ్చారు. నందిని ట్రేలో సిరంజి, దూది, చిన్న గాజు గొట్టం పెట్టుకుని వెళ్ళింది. థీసిస్ కోసం బెలూన్ తర్వాతి రక్తం తియ్యాలి. వరదయ్య కిందికి టిఫిన్‌కి వెళ్ళాడు.

మోహన మొహంలో రంగు మారింది. రాత్రి వెల్లకిలా పడుకుని నిద్రపోయానని చెప్పింది. పిల్లోడు కడుపులో ఉన్నప్పటి నుంచి అలా పడుకున్నది లేదట. దిండ్లన్నీ పక్కన పెట్టి చూపించింది. నందిని అడగకముందే చెయ్యి చాపింది. రక్తమివ్వడం ఆమెకి అలవాటే. నందిని రబ్బరు పట్టీ కట్టి, స్పిరిట్ దూదితో మోచేతి మడతలో తుడిచింది. నరం చక్కగా ఉబ్బి కనబడుతోంది. సిరంజి తీసి, మళ్ళీ ట్రేలో పెట్టేసింది. పట్టీ విప్పింది.

"మోహనా, ఆ మెషిన్ చెడిపోలేదు. బుధవారమే చేసుండాల్సింది. మా పిల్లల పరీక్ష కోసం నేనే ఆపించినాను. నీకు అబద్ధం చెప్పినాను."

మోహన చాపిన చెయ్యి అలాగే ఉంది. స్పిరిట్ ఆరిపోతున్న చోటు వైపు చూస్తోంది. పక్క మంచం ముసలామె రేడియోలో ఏదో పాట చిన్నగా వస్తోంది.

"అడిగుంటే ఉండుందునేమో మేడమ్" అంది చివరికి. "ఉండనని అనుందునేమో. అడిగుంటే కదా తెలిసేది" అంది.

నందిని తలూపింది. క్షమించమని అడుగుదామనుకుంది. అడిగితే ఈమె సరేననాల్సి వస్తుంది. ఇంకా ఈ మంచం మీదే ఉంది, ఈ వార్డులోనే ఉంది. సరే అనక ఏమంటుంది?

"పాలు నిలిచిపోయినాయి" అంది మోహన. నేరం మోపుతున్నట్టు కాదు, ఒంట్లో ఎట్లా ఉందని డాక్టరు అడిగితే చెప్పినట్టే చెప్పింది. తర్వాత తలెత్తి, "మా నాయనకి తెలుసా ఇది?" అంది.

వరదయ్య జోడించిన చేతులు నందిని కళ్ళముందుకి వచ్చాయి.

"తెలీదు."

మోహన ఆమె కళ్ళలోకి చూసింది. జబ్బు పేరు చెప్పిన రోజు చూసిన చూపు కాదు. కాయ పైకి బాగానే ఉందిగాని లోపల ఎట్లుందో అని తిప్పి చూసే చూపు. చాపిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని దుప్పటి కిందికి లాక్కుంది. నందిని ఖాళీ గాజు గొట్టంతో ట్రే తీసుకుని వచ్చేసింది.

శనివారం రౌండ్స్‌కి గిరిప్రసాద్ విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మోహనని చూసి నిజంగానే సంతోషించాడు. ఎట్లుండావమ్మా అని పలకరించాడు. వాల్వు తెరుచుకున్నాక చప్పుడు ఎంత తగ్గిపోతుందో చెప్పాడు. ఇదే గుండెని ముందూ వెనకా రెండుసార్లూ వినే అవకాశం అందరికీ రాదన్నాడు. బుధవారం విన్నవాళ్ళంతా ఇప్పుడు మళ్ళీ వినండన్నాడు. ముందున్న అబ్బాయి చెవుల్లో స్టెతస్కోప్ పెట్టుకుని వంగాడు.

మోహన రెండు చేతులతో దుప్పటి మెడదాకా పట్టుకుంది.

"వద్దు" అంది.

అబ్బాయికి వినబడలేదు. చెవుల్లో గొట్టాలున్నాయి. దుప్పటి అంచు మీద చెయ్యి వేశాడు.

"వద్దు సార్."

స్టూలు మీంచి వరదయ్య గబుక్కున లేచాడు. తువ్వాలు కింద పడింది. తీసుకోలేదు.

"వద్దంటే ఎట్లమ్మా. పానం పోసినారు. వినుకోనీ. ఒక్క నిమిషం గదా." గిరిప్రసాద్ వైపు తిరిగి, "చిన్నపిల్ల సార్, తెలీక అంటా ఉండాది, ఏమీ అనుకోకండి" అన్నాడు.

మోహన తండ్రి వైపు చూసింది. ఆయన ఆమె చూపు తప్పించుకుని, పడిపోయిన తువ్వాలు కోసం వంగాడు. వంగినవాడు త్వరగా లేవలేదు. ఆమె ఆ వంగిన వీపుని చూస్తూనే ఉంది. చూస్తూ చూస్తూ ఏదో తెలిసివచ్చినట్టు ఆమె మొహం మారింది. అక్కడ నిలబడ్డవాళ్ళలో అది నందినికి ఒక్కదానికే అర్థమైంది. నిన్న తను తెలీదన్న మాట ఒక రోజు కూడా నిలవలేదు.

"వద్దు నాయనా" అంది మోహన. ఈసారి మెత్తగా అంది. ఆయన మీద కోపం లేదని చెబుతున్నట్టుంది గొంతు. దుప్పటి మాత్రం వదల్లేదు.

గిరిప్రసాద్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. నీ పేషెంటే గదా, నువ్వు చెప్పమ్మా అన్నాడు నందినితో. అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఆమె వద్దంటోంది సార్. పక్క బెడ్‌కి పోదాం."

ఆయన కళ్ళద్దాల పైనుంచి నందినిని చూశాడు. ఆ చూపు ఎంతసేపున్నదీ విద్యార్థులంతా గమనించారు. సరే, తర్వాత నా గదికి రా అని, ముందుకి నడిచాడు. తెల్ల కోట్లు ఆయన వెంట కదిలాయి. అబ్బాయి చెవుల్లోంచి గొట్టాలు తీసి, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా సారీ అని గొణిగి వెళ్ళాడు.

నందిని వెనకబడింది. వరదయ్య స్టూలు మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. మోహన దుప్పటి వదిలి, చెదిరిన జుట్టు సవరించుకుంది.

"నన్ను ఇంటికి ఎప్పుడు పంపిస్తారు మేడమ్?"

"రేపు పొద్దున్నే."

మోహన తలూపింది. నందిని పక్క మంచం ముసలామె దగ్గరికి వెళ్ళి నాడి పట్టుకుంది. హెడ్ నర్సు యశోదమ్మ మందుల బండి తోసుకుంటూ మోహన దగ్గరికి వచ్చింది. మాత్రలు చేతిలో వేసి, నీళ్ళు అందించింది.

"సిస్టర్, నన్ను ఎప్పుడు పంపిస్తారు?" అంది మోహన.

"రేపంట గదా. డాక్టరమ్మ చెప్పలేదా నీకు?"

"చెప్పినారు" అంది మోహన. మాత్రలు మింగి, "మీరొకసారి కనుక్కోని చెప్పండి" అంది.

నందిని చేతి గడియారం వైపు చూసింది. నాడి ఎంత దాకా లెక్కపెట్టిందో గుర్తులేదు. ముసలామె మణికట్టు మీద వేళ్ళు సరిచేసుకుని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.